కాపలా, పూచీకత్తు, పని

నేరం చేసినవాణ్ని జైల్లో పెట్టకుండా జనం మధ్యే దిద్దుకోవచ్చన్న ఆలోచన మన గడ్డ మీద మొదట వంకరగానే మొలిచింది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంట్లకు తోలారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం వాటిలో పేరుమోసింది. వేలిముద్రలు తీసుకునేవారు, హాజరు పలికించేవారు, పాసు లేనిదే పొలిమేర దాటనిచ్చేవారు కాదు. కొంత భూమి ఇచ్చారు, చీరాల పొగాకు కంపెనీలో కూలి చూపించారు. అయినా ఏ తప్పూ చేయనివాడు కూడా అక్కడ పుట్టుకతోనే ముద్దాయి. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది, ముద్ర మాత్రం పోలేదు. ఎక్కడ కన్నం పడినా పోలీసుల చూపు ఆ ఊరి మీదకే మళ్లేది. అలాంటి మనిషికి పని ఎవరిస్తారు? పని దొరకనివాడు పాతదారి వదిలేదెలా?

ఈ ముడి విప్పడానికి 1974లో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి లవణం, హేమలతా లవణం ఆ ఊరికి వెళ్లారు. ఇంటింటికీ తిరిగి మాట్లాడారు. పోలీసులకూ ఊరికీ మధ్య నిలబడ్డారు. బతుకుతెరువు గురించీ పిల్లల చదువు గురించీ పట్టుబట్టారు. నా దృష్టిలో మన తెలుగునాట అసలైన సంస్కరణ ప్రయత్నం ఇదే.

చట్టం వేరే దారిలో నడిచింది. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కడప జిల్లాకు, నేరస్థుణ్ని జైలుకు పంపకుండా పర్యవేక్షణ మీద విడిచిపెట్టే 1936 నాటి ప్రొబేషన్ చట్టం వర్తించింది, తర్వాత 1958లో కేంద్ర చట్టం వచ్చింది. దాని 12వ సెక్షన్ చాలా విలువైనది: ప్రొబేషన్ మీద విడుదలైనవాడికి ఆ నేర నిర్ధారణ వల్ల వేరే చట్టాల కింద వచ్చే అనర్హత అంటదు.

అయితే అదే కడప జిల్లాలోని మైలవరం, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో జనానికి బాగా తెలిసింది ప్రొబేషన్ కాదు, బైండోవర్. ఎన్నికలొస్తే పాత ఫ్యాక్షన్ కేసులున్నవాళ్లు తహసీల్దారు ముందు పూచీకత్తు రాసిస్తారు. ఆ కొన్నాళ్లూ ఊరు సద్దుమణగవచ్చు. కానీ సంతకం పెట్టినవాడు రేపు ఏం చేసుకుని బతకాలో ఆ కాగితం అడగదు.

కాపలా ఒక్కటే చాలదని బయటి అనుభవమూ చెబుతోంది. అమెరికాలో 14 చోట్ల గట్టి నిఘాతో నడిపిన ప్రొబేషన్‌ను ర్యాండ్ సంస్థ 1993లో పరిశీలిస్తే, నిఘా పెంచినంత మాత్రాన మళ్లీ నేరాలు తగ్గలేదు. చికిత్స, ఉపాధి వంటివి జోడించిన చోట ఫలితం కాస్త మెరుగ్గా కనిపించింది.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సమాజసేవను శిక్షల్లో చేర్చింది. మొదటిసారి రూ.5,000 లోపు దొంగతనం చేసి, సొమ్ము తిరిగిచ్చినవాడికి అది వర్తిస్తుంది. కోర్టు చెప్పిన పని ముగిశాక ఆ మనిషిని ఏదో ఒక పనిలో కుదిర్చే బాధ్యత కూడా ప్రొబేషన్ అధికారికి అప్పగించాలి. అందుకు సరిపడా మందిని ప్రతి జిల్లాలోనూ నియమించాలి.