డెస్క్‌టాప్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు: ఇన్‌స్టాలేషన్, హార్డ్‌వేర్ మద్దతు – చారిత్రక పరిశీలన

పరిచయం

విండోస్, మ్యాక్, లినక్స్‌లలో దేన్ని ఇన్‌స్టాల్ చేయడం సులభం? ఈ ప్రశ్నకు అన్ని కాలాలకూ వర్తించే జవాబు లేదు. ప్రింటర్, మోడెమ్, సౌండ్ కార్డు వంటి పరికరాలు పనిచేయాలంటే వాటికీ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య దుబాసీలాంటి ప్రోగ్రామ్ ఒకటి ఉండాలి. దానినే డ్రైవర్ అంటారు. ఆ డ్రైవర్‌ను ఎవరు రాశారు? పరికరాన్ని అమర్చే శ్రమ ఎవరిమీద పడింది? ఈ రెండు ప్రశ్నలను దృష్టిలో ఉంచుకొని ఈ పాఠాన్ని చదవండి.

1. తొలి దశ: భారం వినియోగదారుడిదే

1981 ఆగస్టులో ఐబీఎం పీసీ మార్కెట్లోకి వచ్చింది. దానికి సరిపడే యంత్రాలను, కార్డులను క్రమంగా అనేక కంపెనీలు తయారుచేశాయి. ధరలు తగ్గాయి, ఎంపికకు అవకాశం పెరిగింది. కాని వేర్వేరు కంపెనీల కార్డులను ఒకే పెట్టెలో పొసగేలా చేసే పని కొన్నవారిమీద పడింది. డాస్ కాలంలో సౌండ్ కార్డు బిగించాలంటే, దానిమీద ఉండే జంపర్లను మార్చి ఐఆర్‌క్యూ సంఖ్యను ఎంచుకోవలసి వచ్చేది. పరికరం ప్రాసెసర్‌ను పిలిచే మార్గానికి గుర్తు ఈ సంఖ్య. రెండు కార్డులకు ఒకే సంఖ్య పడితే అవి సరిగా పనిచేసేవి కావు.

1984 జనవరిలో వచ్చిన ఆపిల్ మాకింటోష్‌ది వేరే దారి. యంత్రాన్నీ సిస్టమ్‌నూ ఒకే కంపెనీ తయారుచేయడంతో ఈ చిక్కులు చాలావరకు తప్పాయి. అందుకు బదులుగా వినియోగదారుడు ఎంపికలో స్వేచ్ఛను వదులుకున్నాడు.

2. ప్లగ్ అండ్ ప్లే

1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95, పరికరాన్ని తానే గుర్తించి అమర్చుకొనే ప్లగ్ అండ్ ప్లే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. ఆచరణలో ఇది ఒక్కరోజులో కుదురుకోలేదు. 1998 ఏప్రిల్‌లో షికాగోలో బిల్ గేట్స్ వేదికపై ఉండగా, విండోస్ 98 ప్రదర్శనలో స్కానర్ తగిలించగానే కంప్యూటర్ నీలి తెర చూపి ఆగిపోయింది. 2007లో విస్తా వచ్చినప్పుడు పాత డ్రైవర్లు అనేకం పనికిరాలేదు.

అయినా విండోస్‌కు హార్డ్‌వేర్ మద్దతు ఎక్కువగా ఉండటానికి కారణమేమిటి? కొనేవారు ఎక్కువగా ఉన్నచోటికి పరికరాల తయారీదారులు తామే డ్రైవర్లు రాసి పంపారు. అంటే ఈ సౌలభ్యంలో సాంకేతిక ప్రతిభతోపాటు మార్కెట్ బలం కూడా ఉంది.

3. లినక్స్: స్వచ్ఛంద శ్రమ

1991 ఆగస్టులో లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకీలో తన ప్రయత్నాన్ని ప్రకటించినప్పుడు, తన దగ్గర ఉన్న రకం హార్డ్ డిస్కులకు మించి అది బహుశా పనిచేయదన్నాడు. తరువాత ప్రపంచవ్యాప్తంగా ప్రోగ్రామర్లు డ్రైవర్లు రాశారు. తయారీదారులు సాంకేతిక వివరాలు ఇవ్వని పరికరాల దగ్గర పని నిలిచిపోయేది. విండోస్ కోసమే చేసిన చౌక మోడెమ్‌లు ఇందుకు ఉదాహరణ. 2000లో నాపిక్స్, ఇన్‌స్టాల్ చేయకుండానే సీడీ నుంచి నడిచి హార్డ్‌వేర్‌ను తానే గుర్తించింది. 2004 అక్టోబరులో వచ్చిన ఉబుంటు ఇన్‌స్టాలేషన్‌ను సామాన్యులకు దగ్గర చేసింది. లినక్స్ డ్రైవర్లలో ఎక్కువభాగం కెర్నెల్‌తోపాటే వస్తాయి. కాబట్టి పాత పరికరానికి సీడీ వెతుక్కొనే అవసరం తక్కువ.

4. పోల్చేటప్పుడు గమనించవలసినవి

విండోస్, మ్యాక్ వాడేవారిలో చాలామంది వాటిని ఎన్నడూ ఇన్‌స్టాల్ చేయరు. ఆ పని ఫ్యాక్టరీలోనే పూర్తవుతుంది. అలా సిద్ధమై వచ్చిన సిస్టమ్‌ను, ఇంట్లో స్వయంగా వేసుకొన్న లినక్స్‌తో పోల్చడం సమంజసం కాదు.

మద్దతును ఆపివేయడం కూడా ఒక నిర్ణయమే. 2021లో వచ్చిన విండోస్ 11, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయాన్ని తప్పనిసరి చేసింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. దీంతో చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లు ఎన్నో పాతవాటి జాబితాలో చేరాయి. లినక్స్ కూడా 386 ప్రాసెసర్లకు మద్దతును 2012లో తొలగించింది. కాని అప్పటికి ఆ ప్రాసెసర్ వయసు పాతికేళ్లు దాటింది.

మీ ఇంట్లో అలాంటి కంప్యూటర్ ఉంటే దాన్ని పాతసామానుకు వేసే ముందు, లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి వైఫై, శబ్దం, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూడండి. డిస్కును చెరపకుండానే మీకు జవాబు దొరుకుతుంది.

సారాంశం

అమర్చే శ్రమ మొదట వినియోగదారుడిది. తరువాత అది తయారీదారులకు, ప్రోగ్రామర్లకు బదిలీ అయింది. ఒక సిస్టమ్ సులభంగా కనిపించినప్పుడు, ఆ కష్టాన్ని మనకంటే ముందు ఎవరో పడ్డారని గ్రహించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ప్లగ్ అండ్ ప్లేకు ముందు వినియోగదారుడు ఎదుర్కొన్న సమస్యలేమిటి?
2. హార్డ్‌వేర్ మద్దతుపై మార్కెట్ ప్రభావాన్ని ఉదాహరణలతో చర్చించండి.