పూనకం నుంచి చికిత్సకు: ఒక సంగీత సంకలన శ్రేణి కథ

కవితా సంకలనాల గురించి మనం చాలానే చర్చించుకున్నాం. 1935 నాటి 'వైతాళికులు' మొదలు, 1965లో తొలి సంపుటంతో వచ్చి 1968లో మూడో సంపుటంతో ఆగిపోయిన దిగంబర కవుల దాకా, సంకలనమంటే కొన్ని రచనల్ని ఒకచోట కుట్టిపెట్టిన పుస్తకం మాత్రమే కాదనీ, అది ఒక దశకు సంబంధించిన ప్రకటన అనీ మనకు తెలుసు. దేన్ని చేర్చారు, దేన్ని వదిలేశారు, దేన్ని ముందు పెట్టారు అన్న దాంట్లో సంపాదకుడి దృక్పథం బయటపడుతుంది. ఇదే చూపుతో సంగీత సంకలనాల్ని చూసినవాళ్లు మనలో తక్కువ. అందులోనూ నృత్యశాలల్లో తెల్లవార్లూ మోగే యంత్రసంగీతం విమర్శకు తగిన వస్తువే కాదన్న అభిప్రాయం బలంగా ఉంది. 'పబ్బుల మోత' అని కొట్టిపారేయడం తేలిక. నేనూ చాలాకాలం ఆ పనే చేశాను.

నేనిక్కడ పరిశీలించదలచింది లండన్‌లోని అంజునాబీట్స్ అనే రికార్డుల సంస్థ, 'అంజునాబీట్స్ వాల్యూమ్' పేరుతో వరుస అంకెలు వేసి వెలువరించిన డీజే మిక్స్ సంపుటాలను. మొదటి సంపుటం 2003లో వచ్చింది. 2011 నాటికి, ఏడాదికొకటి చొప్పున, తొమ్మిది వచ్చాయి. ఆ తర్వాత నడక మందగించి 14వ సంపుటం వచ్చేసరికి 2019 అయింది. వీటిని కూర్చింది 'అబవ్ అండ్ బియాండ్' అనే ముగ్గురి బృందం. అందులో జోనో గ్రాంట్, ఫిన్లండ్ వాడైన పావో సిల్యమాకి వెస్ట్‌మినిస్టర్ విశ్వవిద్యాలయంలో సహవిద్యార్థులు. మూడో వ్యక్తి టోనీ మెగిన్నిస్ ఒక పెద్ద రికార్డుల కంపెనీలో అమ్మకాల ప్రచారం చూసినవాడు. సంస్థ పుట్టింది 2000లో. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు మన గోవాలోని అంజునా తీరానిది. లండన్ సంస్థకు అంజునా పేరెందుకు? ఈ ప్రశ్న దగ్గరే అసలు చరిత్ర మొదలవుతుంది.

1961 డిసెంబరులో పోర్చుగీసు పాలన నుంచి విముక్తమైన గోవాకు ఆ దశాబ్దం చివరినుంచి పాశ్చాత్య యువకులు రావడం మొదలైంది. వాళ్లలో అమెరికా నుంచి వచ్చి 'గోవా గిల్' గా పేరుపడిన గిల్బర్ట్ లెవీ ఒకడు. 2023లో చనిపోయేదాకా ఆ తీరంతో అతని బంధం తెగలేదు. మొదట్లో అంజునా ఇసుకలో వినిపించింది గిటార్లు, రాక్ పాటలు. 1980ల్లో యూరప్ నుంచి ఎలక్ట్రానిక్ సంగీతం కేసెట్లలో దిగింది. అక్కడి డీజేలు ఆ పాటల్లోంచి గాత్రాన్ని కత్తిరించి, దరువూ స్వరమూ మాత్రం మిగిల్చి వాయించేవాళ్లు. మాట వినపడితే పూనకం చెదురుతుందని వాళ్ల నమ్మకం. 'ట్రాన్స్' అన్న ఇంగ్లీషు మాటకు మనకు పూనకం కంటే దగ్గరి మాట లేదు. పూనినప్పుడు మనిషికి తన పేరు గుర్తుండదు. ఈ అర్థాన్ని పాఠకులు మనసులో ఉంచుకోవాలి, మళ్లీ దీని దగ్గరికే రావలసి ఉంది.

రూపాన్ని పరికరం నిర్ణయిస్తుందనడానికి గోవా మంచి ఉదాహరణ. ఆ ఎండకీ దుమ్ముకీ వినైల్ రికార్డులు వంకరపోతాయి. అందుకని అక్కడి డీజేలు డాట్ అనే చిన్న డిజిటల్ టేపుల్ని వాడారు. యూరప్ క్లబ్బుల్లోలాగా రెండు రికార్డుల వేగాన్ని చేత్తో సవరించి ఒకదాని దరువును ఇంకోదాని దరువులో కలిపే వీలు ఆ టేపులకు లేదు. ఒక పాట చివర్లో దరువు ఆగిపోయి గాలిలాంటి ధ్వని మిగిలినప్పుడు, అలాంటి ధ్వనితోనే మొదలయ్యే ఇంకో పాటను అందుకోవాలి. గోవా ట్రాన్స్ పాటలకు ఆ పొడవాటి, దరువులేని ప్రవేశాలూ ముగింపులూ ఇలా అవసరంలోంచి వచ్చాయి. తర్వాత వాటినే ఆధ్యాత్మికతగా వర్ణించిన వాళ్లున్నారు. ఆ వర్ణన అబద్ధమని నేననను, కాని టేపును మరిచిపోకూడదు.

ఆ ఇసుకలో ఇంకొకళ్లు కూడా ఉండేవాళ్లు. చాపలు పరిచి, కిరోసిన్ దీపాలు పెట్టుకుని, తెల్లవార్లూ టీ అమ్మిన స్థానిక స్త్రీలు. అరుణ్ సల్దాన్హా 2007లో ప్రచురించిన పరిశోధన గ్రంథం ఈ తీరాన్ని నిశితంగా చూసింది. అందరూ ఒకటేనని చెప్పుకున్న ఆ నృత్యస్థలంలో, పొద్దెక్కేకొద్దీ తెల్లవాళ్లు ఒకచోట చేరి భారతీయులు అంచులకు జరిగిపోయేవారని ఆయన చూపించాడు. పేరు ఊరిది, పూనకం అతిథులది.

ఈ సంగీతాన్ని సరుకు చేసిన సంస్థలు కూడా గోవావి కావు. డ్రాగన్‌ఫ్లై లాంటి బ్రిటిష్ సంస్థలు 1990ల మొదట్లో దాన్ని డిస్కుల మీదికి ఎక్కించాయి. హాలూసినోజెన్ పేరుతో సైమన్ పాస్‌ఫర్డ్ చేసిన 'ట్విస్టెడ్' 1995లో అక్కడినుంచే వచ్చింది. 1994 డిసెంబరు 18న పాల్ ఓకెన్‌ఫోల్డ్ బీబీసీ రేడియో వన్‌లో వినిపించిన 'గోవా మిక్స్' ఆ ధ్వనిని బ్రిటన్‌లో ఇంటింటికీ చేర్చింది. గమనించదగ్గ సంగతి ఏమిటంటే, ఆ 1994లోనే బ్రిటిష్ పార్లమెంటు క్రిమినల్ జస్టిస్ చట్టం చేసింది. 1992లో కాసిల్‌మార్టన్ బయలులో వేలాది యువకులు అనుమతి లేకుండా రోజుల తరబడి ఆడిన దానికి జవాబుగా వచ్చిన చట్టమిది. బహిరంగస్థలంలో రాత్రిపూట ఇలాంటి సమావేశాల్ని చెదరగొట్టే అధికారం పోలీసులకిస్తూ, మళ్లీమళ్లీ వచ్చే దరువును సంగీత నిర్వచనంలోకి చేర్చి మరీ నిషేధించింది. దరువుకు భయపడి శాసనం రాసుకున్న ప్రభుత్వం చరిత్రలో అరుదు. ఫలితం? బయలు మూతపడి, టిక్కెట్టున్న క్లబ్బు తెరుచుకుంది. గోవాలోనూ 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు రాత్రి పదినుంచి ఉదయం ఆరుదాకా బయట మైకుల్ని నిషేధించాయి. అంటే అంజునాబీట్స్ పుట్టిన ఏడాదికి, అంజునాలో తెల్లవార్లూ ఆడటం చట్టవిరుద్ధమైంది.

ఈ సంస్థ ధ్వని మాత్రం గోవా ధ్వని కాదు. దాని మూలాలు జర్మనీలో ఉన్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో జామ్ అండ్ స్పూన్ 1992లో 'ఏజ్ ఆఫ్ లవ్' కు చేసిన పునర్నిర్మాణంతో ఊపందుకున్న ఆ ధారకు, 1996లో జపాన్ కంపెనీ రోలాండ్ విడుదల చేసిన జేపీ-8000 సింథసైజర్ కొత్త గొంతునిచ్చింది. అందులోని 'సూపర్ సా' అనే ధ్వని, ఏడు రంపపు తరంగాల్ని ఒకదానికొకటి కాస్త అపశ్రుతిలో పేర్చి వినిపిస్తుంది. ఏడుగురు ఒకే స్వరం పాడుతూ ఎవరూ సరిగ్గా కలవకపోతే వచ్చే నిండుదనం అది. 1990ల చివర యూరప్‌ను ముంచెత్తిన ట్రాన్స్ అంతా ఇంచుమించు ఈ ధ్వని మీద నిలబడింది. (రోలాండ్ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. ఆ కంపెనీవే అయిన టీబీ-303, టీఆర్-808 యంత్రాల మీద బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లోనే పది రాగాల్ని డిస్కో దరువుకు కట్టి రికార్డు చేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 2010లో ఒక డచ్ సంస్థ మళ్లీ వేసినప్పుడు గాని లోకానికి తెలియలేదు.)

మొదటి సంపుటాల్ని వింటే ఈ వారసత్వం స్పష్టంగా తెలుస్తుంది. నిమిషానికి సుమారు 135నుంచి 138 దరువుల వేగం. మధ్యలో దరువు ఆగి, స్వరం ఒంటరిగా పైకి లేచి, మళ్లీ దరువు పడేసరికి గుండె ఝల్లుమనే కట్టుబాటు. అయితే ఒక తేడా ఉంది. గోవా డీజేలు కత్తిరించి పారేసిన గాత్రాన్ని వీళ్లు మళ్లీ తెచ్చి నడిబొడ్డున కూర్చోబెట్టారు. జస్టీన్ సూయిస్సా గొంతుతో 'ఓషన్‌ల్యాబ్' పేరిట వాళ్లు చేసిన పాటలు సంస్థకు ముఖచిత్రమయ్యాయి. మాట వచ్చింది, మాటతోపాటు 'నేను', 'నువ్వు' వచ్చాయి. పూనకంలో ఉండని సర్వనామాలివి. సంస్థ ధ్వని ఎప్పుడు మారిందని అడిగితే చాలామంది 2010 ప్రాంతాన్ని చూపిస్తారు. నన్నడిగితే మార్పుకు విత్తనం మొదటి సంపుటాల నాటికే పడింది.

డీజే మిక్స్ అనే రూపం గురించి కొంచెం వివరించాలి. పాటల మధ్య మౌనం ఉండదు. ఒకటి ముగియకముందే రెండోది కింద మొదలవుతుంది. డెబ్బై ఎనభై నిమిషాల సీడీ మీద, మెల్లగా మొదలై, ఎత్తుకు చేరి, దిగే ఒకే ప్రయాణంగా దాన్ని కూర్చాలి. పాటకర్త రాసిన ఎనిమిది నిమిషాల్లో సంపాదకుడు నాలుగే ఉంచవచ్చు. కవి ఎవడూ ఒప్పుకోడు, కాని ఇక్కడ అదే సంప్రదాయం. రచయిత పేరు వెనక్కి పోయి సంపుటం పేరు ముందుకొస్తుంది. తొలినాళ్ల సంపుటాల్లో చాలా భాగం సంస్థలోనివాళ్లే రకరకాల మారుపేర్లతో చేసినవి కావడం గమనించాలి. ఒక చిన్న ముఠా తననే జనంగా చూపించుకునే పద్ధతి సాహిత్యోద్యమాల్లోనూ మనం ఎరగనిది కాదు.

తర్వాతి సంపుటాల్లో నిజంగా జనం వచ్చారు. ఫిన్లండ్ నుంచి సూపర్ ఎయిట్ అండ్ ట్యాబ్, రష్యా నుంచి ఆర్టీ, ఇంగ్లండ్ కుర్రవాడు మ్యాట్ జో, అమెరికా నుంచి ఆండ్రూ బేయర్. వేగం క్రమంగా 130కి, ఇంకా కిందికి దిగింది. సూపర్ సా పలచబడి, ఆ స్థానంలో విరిగి విరిగి వచ్చే బాస్ ధ్వనులు, హౌస్ సంగీతపు ఒడుపులు చేరాయి. మెత్తని ధ్వనికి 2005లోనే 'అంజునాడీప్' అనే వేరు శాఖ తెరిచారు. బేయర్ 2011లో తెచ్చిన 'ఇట్స్ ఆర్టిఫిషియల్' లో ట్రాన్స్ దాదాపు లేనే లేదు, అయినా సంస్థ ముద్ర వేసింది.

పాత శ్రోతలు దీన్ని ద్రోహమన్నారు. అమెరికా పెద్ద ఉత్సవాల మార్కెట్టు కోసం ట్రాన్స్‌ను అమ్ముకున్నారన్నారు. ఈ ఆరోపణలో నిజం లేకపోలేదు. ఆ ఏళ్లలో అమెరికాలో ఎలక్ట్రానిక్ నృత్యసంగీతం పెద్ద వ్యాపారమైంది, ఉత్సవ వేదికల వేగం 128 దగ్గర స్థిరపడింది, ఆ వేగానికి కుదరనిది అక్కడ వినపడదు. కాని 'స్వచ్ఛమైన ట్రాన్స్' అనే వాదనను నేను ఒప్పుకోలేను. వాళ్లు స్వచ్ఛమంటున్న 2003 నాటి ధ్వని కూడా జపాన్ యంత్రం, జర్మన్ స్వరం, బ్రిటిష్ క్లబ్బు, గోవా పేరు కలిసి అయిందే. ఛందస్సు పోతే కవిత్వం పోయిందన్నవాళ్ల వాదన లాంటిదే ఇది. అసలు ప్రశ్న వేగం గురించి కాదు. ఆ సంగీతం వినే మనిషి ఎవరుగా మారాడన్నది.

దీనికి ఆధారం సంపుటాల్లో కంటే వాటి పక్కనే నడిచిన రేడియో కార్యక్రమంలో దొరుకుతుంది. 2004లో ఆ బృందం 'ట్రాన్స్ అరౌండ్ ది వరల్డ్' అనే వారపు ప్రసారం మొదలుపెట్టింది. ఏడాదికొక సంపుటంగా వచ్చే కబురు వారానికొకసారి చేరసాగింది. సంపుటాల నడక మందగించడానికి ఇదొక కారణం కాకపోదు. 450వ ప్రసారంతో ఆ పేరును ముగించారు. ముగించిన చోటు లండన్ కాదు, బెంగుళూరు, 2012 నవంబరులో. మన పిల్లలు ఎందరో కంప్యూటర్ల ముందు కూర్చుని ఉద్యోగాలు చేసే ఆ నగరంలో, అదే రాత్రి కొత్త పేరు ప్రకటించారు: 'గ్రూప్ థెరపీ'. 2011లో వచ్చిన వాళ్ల ఆల్బం పేరే అది. ట్రాన్స్ అన్న మాటను తీసేసి సామూహిక చికిత్స అన్న మాటను పెట్టుకున్నారు. పూనకంలో మనిషి తన పేరు మరిచిపోతాడు. చికిత్సకు వచ్చినవాడు ముందు పేరు చెప్పాలి, ఆ తర్వాత నొప్పి ఎక్కడో చెప్పాలి.

వాళ్ల సభల్లో వేదిక మీదినుంచే కంప్యూటర్‌లో వాక్యాలు టైపు చేసి పెద్ద తెరపై చూపించడం ఆనవాయితీ. నువ్వు ఒంటరివి కావన్న ధోరణిలో ఉంటాయవి. జనంలోంచి ఒకర్ని పైకి పిలిచి, దరువు తిరిగి మొదలయ్యే మీట నొక్కమంటారు. విని నేను మొదట నవ్వాను. తర్వాత నవ్వలేకపోయాను. వేలమందిలో నిలబడి ఆ వాక్యం చదివి కన్నీళ్లు పెట్టుకునే ఇరవయ్యేళ్ల ఉద్యోగి దుఃఖం నకిలీది కాదు. ఆ దుఃఖానికి కారణాలు సభ బయట ఉన్నాయి, తెర మీది వాక్యానికి ఆ కారణాల జోలికి వెళ్లే ఉద్దేశం లేదు. అలాగని ఓదార్పును మోసమని తేల్చేస్తే, మన భావకవిత్వంలో సగం కొట్టిపారెయ్యవలసి వస్తుంది.

2013లో లండన్ పోర్చెస్టర్ హాల్లో వాళ్లు తమ పాటల్ని యంత్రాలు లేకుండా తంత్రీవాద్యాలు, పియానోలతో వాయించారు. జోయి జాన్‌స్టన్, రిచర్డ్ బెడ్‌ఫర్డ్ లాంటి గాయకులు వాటిని పాడారు. డిస్కుల మీద 'ఫలానావారి సహకారంతో' అని చిన్న అక్షరాల్లో ఉండే పేర్లవి. దరువు తీసేసినా పాటలు నిలబడ్డాయి. గోవా డీజేలు పాటలోంచి గొంతు కోసేసి దరువు మిగిల్చారు, వీళ్లు దరువు కోసేసి గొంతు మిగిల్చారు. ఇరవై ముప్పై ఏళ్లలో కత్తెర అటునుంచి ఇటు తిరిగింది.

2019లో 14వ సంపుటం వెలువడిన ఏడాదే ఆ బృందం 'ఫ్లో స్టేట్' అనే ఆల్బం తెచ్చింది. యోగాభ్యాసానికీ ధ్యానానికీ ఉద్దేశించిన, దరువే లేని సంగీతం అది. యోగం వెతుక్కుంటూ తూర్పుకు బయలుదేరినవాళ్లు అంజునా ఇసుకలో చాపల మీద కూర్చుని టీ తాగి అప్పటికి యాభై ఏళ్లయింది.