తల్లి నెత్తుటిలో దాగిన జబ్బు

మన పెద్దలు సవాయి అని పిలిచిన సిఫిలిస్ గర్భస్థ శిశువును సైతం విడువదు. గర్భస్రావం, మృతశిశు జననం, నెలలు నిండని కాన్పు దాని ఫలితాలు. బతికి పుట్టిన బిడ్డలలో కొందరికి ఒంటిపై పొక్కులు, ఎముకల వాపు, పెరిగే కొద్దీ చెవుడు, దృష్టిలోపం, నొక్కుపడిన పళ్ళు ఏర్పడతాయి. అయితే ఈ జబ్బు బిడ్డకు ఎవరి నుండి సంక్రమిస్తున్నదో వైద్యులు చాలాకాలం పొరబడ్డారు.

1837లో డబ్లిన్ నగర శస్త్రవైద్యుడు ఏబ్రహాం కోలిస్ ఒక వింతను గ్రంథస్థం చేశారు. జబ్బుతో పుట్టిన బిడ్డ పాలిచ్చే దాదికి దానిని అంటించగలదు. కన్నతల్లి రొమ్మున మాత్రం పుండు పడదు. ఆమె చూపులకు ఆరోగ్యవంతురాలే. ఈ పరిశీలన సరైనదే. కాని దానిని ఆధారం చేసుకొని తల్లికి జబ్బే లేదనీ, తండ్రి బీజం ద్వారా నేరుగా బిడ్డకు చేరుతుందనీ పలువురు వైద్యులు నమ్మారు. జబ్బు లేదనుకున్న తల్లికి చికిత్స చేసేదెవరు?

1905లో బెర్లిన్‌లో షౌడిన్, హాఫ్‌మన్ ఈ వ్యాధికి కారణమైన మెలికల సూక్ష్మజీవిని కనుగొన్నారు. మరుసటి ఏడు వాసర్‌మన్, ఆయన సహచరులు రక్తపరీక్షను రూపొందించారు. ఆ పరీక్షతో అసలు సంగతి బయటపడింది: ఆరోగ్యంగా కనిపించిన ఆ తల్లుల నెత్తుటిలోనూ జబ్బు ఆనవాళ్ళున్నాయి. అప్పటికే జబ్బు లోపల ఉన్నందువల్లనే బిడ్డ నుండి వారికి కొత్తగా పుండు పడలేదు. సూక్ష్మజీవి తల్లి రక్తం నుండి మాయను దాటి శిశువును చేరుతున్నది.

1943లో అమెరికాలో జాన్ మహోనీ బృందం నలుగురు రోగులకు పెన్సిలిన్‌తో విజయవంతంగా చికిత్స చేసింది. ఈ మందు కూడ మాయను దాటగలదు. కనుక తల్లికిచ్చిన సూదిమందు బిడ్డకూ రక్షణ. తల్లి నుండి బిడ్డకు సిఫిలిస్, హెచ్‌ఐవీ సోకడాన్ని నిర్మూలించిన తొలి దేశంగా 2015లో క్యూబాను ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది.

గర్భిణికి తొలి పరీక్షలలోనే సిఫిలిస్ రక్తపరీక్ష వ్రాయడానికి కారణమిదే. దానిని తమ శీలంపై అనుమానంగా భావించి ఏ స్త్రీ వెనుకాడరాదు. జబ్బు బయటపడితే కాన్పుకు కనీసం నెల ముందే చికిత్స అందాలి. భర్తకూ పరీక్ష, అవసరమైన చికిత్స జరగాలి; లేనిచో ఆమెకు జబ్బు మరల సోకవచ్చు.