జాతరలో వరుస: బల్కంపేట, మేడారం, కేస్లాపూర్

ఉద్యోగ పరీక్షల శిక్షణకు హైదరాబాద్ వెళ్లే మన పిల్లలకు అమీర్‌పేట కొత్త కాదు. కోచింగ్ సెంటర్ల బోర్డులు, టిఫిన్ బండ్లు, ప్రైవేటు హాస్టళ్లు దాటి కొద్ది దూరం నడిస్తే బల్కంపేట ఎల్లమ్మ గుడి వస్తుంది. ఇక్కడ అమ్మవారు నేలకు సమంగా ఉండదు, బావిలో ఉంటుంది. గుడి ఎంత పెద్దది కట్టినా ఆ బావి పెరగదు. ఇక్కడి క్యూ కష్టమంతా ఇందులోనే ఉంది.

ఏటా ఆషాఢంలో మంగళవారం నాడు కల్యాణం. ముందు రోజు ఎదుర్కోళ్లు, మర్నాడు రథోత్సవం. ఆ మూడు రోజులూ ఎస్.ఆర్.నగర్ నుంచి వచ్చే వాహనాలను పక్క దారులకు మళ్లిస్తారు, బారికేడ్లు కడతారు. మూలవిరాట్టును కదపలేరు కనుక కల్యాణాన్నే గుడి ముందు రోడ్డు మీది పందిట్లోకి తెచ్చారు. 2017లో మెట్రో వచ్చాక చేరుకోవడం మరింత సులువైంది, రద్దీ కూడా అంతే. 2024 జూలై 9న, ఇన్ని ఏర్పాట్లున్నా, మంత్రి, మేయర్ వచ్చిన వేళ తోపులాట జరిగింది. పాసు ఉన్నవాళ్ల దారి, లేనివాళ్ల దారి ఒకే ద్వారం దగ్గర కలిసినప్పుడు బారికేడ్లు ఎన్ని పెట్టినా లాభం లేదని నా అభిప్రాయం.

మన మేడారం చరిత్ర ఇంకో రకం. 1940ల దాకా జాతర చిలుకలగుట్ట మీద కోయల మధ్యనే జరిగేదని, బయటి జనం పెరిగాక గుట్ట కిందికి వచ్చిందని పెద్దలు చెబుతారు. అంటే రద్దీ కోసం మొదట కదిలింది జాతర స్థలమే! 1996లో రాష్ట్ర పండుగ అయింది. అప్పటి నుంచి ఆర్టీసీ వేల బస్సులు, క్యూలైన్లు, వాటి వెంట వీఐపీ పాసులు. సమ్మక్కను వడ్డెలు గుట్ట దించేటప్పుడు పోలీసులు తాళ్లతో వలయం కట్టి దారి చేస్తారు. జనం మీద పడకుండా ఆ తాడు కాపాడుతుంది, నిజమే. కానీ ఆ తాడుకు ఇవతల ఉండిపోయే ముసలమ్మలో మన ఊళ్ల వాళ్లూ ఉంటారు. 2025లో గోవిందరాజు, పగిడిద్దరాజు గద్దెలను కూడా తల్లుల గద్దెల వరుసలోకి తెచ్చే ప్రణాళిక వచ్చింది. దర్శనం సులువు కావాలన్నదే కారణం. సౌకర్యం మంచిదే. గద్దె ఎక్కడుండాలన్న మాటలో మాత్రం వడ్డెల మాటే మొదటిదీ చివరిదీ కావాలి.

కేస్లాపూర్‌లో మరో పద్ధతి కనిపిస్తుంది. పుష్య అమావాస్య రాత్రి నాగోబా మహాపూజ. మెస్రం వంశస్థులు కాలినడకన గోదావరి జలం తెచ్చి, మర్రిచెట్టు కింద బస చేసి, ఆ రాత్రి కోసం కాచుకుంటారు. వంశంలో వేల మంది ఉన్నా వంటకు 22 పొయ్యిలే. ఒకరి వంట అయ్యాక మరొకరు. పొయ్యిలు పెంచుదామని ఎవరూ అనరు. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ కూడా పెద్దల వెంట వరుసగానే సాగుతుంది. అక్కడ ఎవరి వెనుక ఎవరో వంశమే చెబుతుంది, లాఠీతో చెప్పాల్సిన పని లేదు. (మా హాస్టల్ మెస్‌లో పళ్లేలు పట్టుకుని నిలబడే పిల్లల్లోనూ ఇది చూస్తాను. వరుస వాళ్లే వేసుకున్న రోజు గొడవ తక్కువ.)

కేస్లాపూర్ జాతరలోనే దర్బారు కూడా పుట్టింది. 1940లో కుమ్రం భీము అమరుడయ్యాక గోండుల గోడు తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. జనం ఎలాగూ ఒకచోట చేరుతున్నారు కనుక అధికారులే అక్కడికి రావాలన్నది ఆయన ఆలోచన. ఆ దశాబ్దంలో మొదలైన ఆ దర్బారు నేటికీ నడుస్తోంది. ఇప్పుడు అందులోనూ వేదిక ముందు బారికేడ్లు ఉంటున్నాయి. అర్జీ పట్టుకున్న మనిషి వాటి బయటే నిలబడుతున్నాడు.