మ్యాక్రో లెన్స్: కొనే ముందు చూడాల్సింది దూరం

సెన్సర్‌పై వస్తువు అసలు పరిమాణంలో, అంటే 1:1 నిష్పత్తిలో పడేలా చేసేదే అసలైన మ్యాక్రో లెన్స్. చాలా జూమ్ లెన్సులపై 'మ్యాక్రో' అని రాసి ఉన్నా, అవి పావు వంతు దగ్గరే ఆగిపోతాయి. అందుకే కొనే ముందు మాగ్నిఫికేషన్ అంకె చూడాలి.

60, 100, 200 మి.మీ. మ్యాక్రో లెన్సులు మూడూ 1:1 ఇస్తాయి. తేడా దూరంలోనే. 1:1 వద్ద లెన్స్ అంచుకు, వస్తువుకు మధ్య 60 మి.మీ.తో సుమారు 5 సెం.మీ., 100తో 14 సెం.మీ., 200తో 25 సెం.మీ. మిగులుతుంది.

నాణేలు, స్టాంపులు, పాత రైలు టికెట్లకు 60 చాలు. ఖరగ్‌పూర్ పక్కనే హిజ్లీలో, 1951లో మొదలైన ఐఐటీ పరిసరాల చెట్ల మధ్య తూనీగలను, సీతాకోకచిలుకలను తీసేవారికి మాత్రం అది ఇబ్బందే. లెన్స్ నీడ పడుతుంది, పురుగు ఎగిరిపోతుంది. వారికి 90 నుంచి 105 మి.మీ. మేలు. 200 బరువు, ధర రెండూ ఎక్కువే.

ఏ లెన్స్ అయినా 1:1 వద్ద, ఎఫ్/8లో స్పష్టంగా కనిపించే లోతు సుమారు 1 మి.మీ. మాత్రమే. కాబట్టి కంటిపై ఫోకస్ పెట్టాలి.

బడ్జెట్ తక్కువైతే, ఉన్న 50 మి.మీ. లెన్స్‌కు 25 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ బిగించినా సగం పరిమాణం వస్తుంది.