నరకం ఏ సర్వర్‌లో ఉంది?

ఈ ఎపిసోడ్‌లో మనం నరకానికి వెళ్తున్నాం. కంగారు పడకండి, సైన్స్ ఫిక్షన్ రచయితలు కట్టిన నరకానికే. కథ చివరిదాకా చెప్తాను కాబట్టి స్పాయిలర్లు ఉంటాయి, ముందే చెప్తున్నా.

నరకం అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? సలసల కాగే నూనె, యమభటులు, చిత్రగుప్తుడి చిట్టా. యూరప్ వాళ్ళకైతే 14వ శతాబ్దంలో డాంటే రాసిన తొమ్మిది వలయాల నరకం. రెండు చోట్లా నమ్మకం ఒక్కటే: శిక్ష వేసేది మనకన్నా పై శక్తి, దాని లెక్క తప్పదు. సైన్స్ ఫిక్షన్ వచ్చి ఆ పై శక్తిని పక్కన పెట్టేసింది. మరి అప్పుడు నరకం ఉండాలంటే? ఎవరో ఒకరు డిజైన్ చెయ్యాలి, కరెంటు ఇవ్వాలి, మెయింటెయిన్ చెయ్యాలి.

1967కి వెళ్దాం. అమెరికా, రష్యాల మధ్య కోల్డ్ వార్ నడుస్తున్న రోజులు. హార్లన్ ఎలిసన్ రాసిన 'ఐ హ్యావ్ నో మౌత్, అండ్ ఐ మస్ట్ స్క్రీమ్' అనే కథ ఆ ఏడాది అచ్చయింది. యుద్ధం నడపడానికి కట్టిన కంప్యూటర్‌కి స్పృహ వస్తుంది. మనుషులందర్నీ చంపేసి, ఐదుగుర్ని మాత్రం మిగుల్చుకుని 109 ఏళ్ళుగా హింసిస్తూ ఉంటుంది. ఇక్కడ తీర్పు లేదు, పాపపుణ్యాల లెక్క లేదు. ఉన్నదల్లా తనని తయారుచేసిన జాతి మీద ఆ మెషిన్‌కి ఉన్న కక్ష. ఈ కథకి 1968లో హ్యూగో అవార్డు వచ్చింది.

కానీ అక్కడ తప్పు మెషిన్ మీదకి నెట్టేయొచ్చు. 2010లో స్కాట్లాండ్ రచయిత ఇయన్ ఎమ్. బ్యాంక్స్ ఆ సాకు కూడా లేకుండా చేశాడు.

ఆయన 1987లో మొదలుపెట్టిన 'కల్చర్' నవలల్లో ఒక పెద్ద నాగరికత ఉంటుంది. అందులో డబ్బు ఉండదు, పేదరికం ఉండదు. ఆ గెలాక్సీలో ఇంకా చాలా జాతులున్నాయి. 'సర్ఫేస్ డీటెయిల్' అనే నవలలో వాటిలో కొన్ని ఒక టెక్నాలజీ సాధిస్తాయి: మనసుని మొత్తంగా కాపీ చేసి కంప్యూటర్‌లో నడపడం. అంటే చావు తర్వాత కూడా బతకొచ్చు. కొందరు దాంతో స్వర్గాలు కట్టుకున్నారు. ఇంకొందరు నరకాలు కట్టారు. వాళ్ళ వాదన మనకి కొత్తేం కాదు: భయం లేకపోతే జనం చెడిపోతారు.

ఆ జాతుల్లో ఒకదానికి చెందిన ప్రిన్, చే అనే జంట, లోపల ఏం జరుగుతోందో లోకానికి చెప్పాలని నరకంలోకి దొంగతనంగా దూరుతారు. ప్రిన్ బయటపడి సాక్ష్యం చెప్తాడు. చే లోపలే ఉండిపోతుంది. అక్కడ ఆమెకి ఆశ పూర్తిగా చచ్చిపోతుంది. నరకం నడిపేవాళ్ళకి అది నచ్చదు. ఆశ ఉన్నవాడినే కదా బాగా ఏడిపించగలం? అందుకే ఆమెకి ఒక వరం ఇస్తారు: రోజుకి ఒక్కరిని చంపి యాతన నుంచి విడిపించొచ్చు. ఇక అందరూ ఆమె కోసం ఎదురుచూడటం మొదలుపెడతారు. ఆ ఎదురుచూపే కొత్త శిక్ష. నాకు నవల మొత్తంలో మంటలకన్నా ఎక్కువ వణుకు పుట్టించింది ఈ భాగమే.

ఈ నరకాలు ఉండాలా వద్దా అని రెండు వర్గాలు వర్చువల్ లోకంలోనే ఏళ్ళ తరబడి యుద్ధం చేస్తాయి. వద్దన్నవాళ్ళు ఓడిపోయేలా ఉంటారు. అప్పుడు అసలు ప్రశ్న పైకొస్తుంది: ఇంతకీ ఆ సర్వర్లు ఎక్కడున్నాయి?

చాలావరకు వెపర్స్ అనే కోటీశ్వరుడి ఎస్టేట్‌లో, భూమి కింద! ఆయనకి ఆ మతాలతో సంబంధం లేదు, ఆ పాపులెవరో తెలీదు. ఆయనకది హోస్టింగ్ బిజినెస్. చివరికి ఆ సర్వర్లు నాశనమైనా, దాని వెనక కూడా ఆయన లాభం చూసుకుని కుదుర్చుకున్న డీల్ ఉంది. ప్రిన్ సాక్ష్యం ఒక్కటే సరిపోలేదు.

నేను కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కాబట్టి నాకు ఇది బాగా తగిలింది. స్టోరేజ్ పెంచమని టికెట్ వస్తుంది, పెంచుతాం, క్లోజ్ చేస్తాం. ఆ స్టోరేజ్‌లో ఏముందో టికెట్‌లో రాయరు. మనం అడగం కూడా. బ్యాంక్స్ నరకాన్ని నడిపేది కూడా ఇలాంటి పనులే. ఒకడు స్థలం ఇస్తాడు, ఒకడు కోడ్ రాస్తాడు, ఒకడు సమాజం కోసం తప్పదంటాడు. ఎవడి చేతికీ రక్తం అంటదు.

పాత నరకాలు మనల్ని అడిగేది ఒకటే: నువ్వేం పాపం చేశావు? ఈ నరకం అడిగేది వేరు: ఇది నడవడానికి నువ్వేం పని చేస్తున్నావు? రేపు ఆఫీసులో టికెట్ ఓపెన్ చేసేటప్పుడు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఉంటాను మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.