శాసనంలో బిరుదు, నవలలో వేషం: ‘గోన గన్నారెడ్డి’లో రహస్యం, చరిత్ర

అడివి బాపిరాజు (1895–1952) రచించిన ‘గోన గన్నారెడ్డి’ కాకతీయ యుగాన్ని నేపథ్యంగా గ్రహించిన చారిత్రక నవల. ఇందులో ప్రణయం, సాహసం, రహస్యం విడదీయరానంతగా పెనవేసుకొన్నాయి. పెండ్లి పీటల నుండి వరుడు వరదారెడ్డిని గన్నారెడ్డి అపహరించుకొనిపోయే ఘట్టం ఒక్కటే ఈ మేళనానికి చాలినంత నిదర్శనం. ఆ చర్య వల్ల అన్నాంబిక వివాహం భగ్నమవుతుంది. ఆమె హృదయంలో క్రమంగా చోటు సంపాదించుకొనేది కూడా ఆ గజదొంగయే.

నవలలో రెండు ముసుగులు సమాంతరంగా సాగుతాయి. లోకానికి దొంగగా కనిపించే గన్నారెడ్డి వాస్తవానికి కాకతీయ సింహాసనానికి విధేయుడు. లోకానికి పురుషుడుగా కనిపించే రుద్రదేవుడు వాస్తవానికి రుద్రమదేవి. అపరాధ పరిశోధక నవల నేరస్థుని చివరి వరకు పాఠకుని నుండి దాస్తుంది. ఇక్కడ అది సాధ్యం కాదు. రుద్రమ స్త్రీ అని తెలియని తెలుగు పాఠకుడు అరుదు. కనుక ఉత్కంఠ ‘ఎవరు’ అన్న ప్రశ్న నుండి ‘ఎవరికి, ఎప్పుడు తెలుస్తుంది’ అన్న ప్రశ్నకు మారుతుంది. ఎదుటివారి నిజస్వరూపాన్ని గుర్తించడమే ప్రణయానికి కూడా ఆధారం కావడం వల్ల, చాళుక్య వీరభద్రుని కథలోను, అన్నాంబిక కథలోను రహస్యం విడివడటమే శృంగార పరిపాకమవుతుంది. పాఠకుని ఆనందానికి మూలం ఈ కూర్పులోనే ఉంది.

అయితే ఈ రహస్యానికి చరిత్రలో ఆధారమెంత? రుద్రమను శాసనాలు పలుచోట్ల రుద్రదేవ మహారాజుగా పేర్కొన్నాయి. అంతమాత్రాన ఆమె స్త్రీత్వం మరుగున ఉన్నదని భావించరాదు. గణపతిదేవుడు మందడాన్ని, రుద్రమదేవి వెలగపూడిని విశ్వేశ్వర శివాచార్యునికి దానమిచ్చిన విషయాన్ని తెలిపే 1261 నాటి మల్కాపురం శాసనం ఆమెను గణపతిదేవుని కుమార్తెగానే ఎరుగును. తండ్రి ఆమెకు పురుషనామం పెట్టినట్లు విద్యానాథుని ‘ప్రతాపరుద్ర యశోభూషణం’ బాహాటంగానే చెప్పింది. అనగా ‘రుద్రదేవుడు’ అన్న పేరు స్త్రీత్వాన్ని దాచిన తెర కాదు. రాజ్యాధికారం పురుషవాచకంలోనే పలికే కాలంలో ఒక స్త్రీ ధరించిన అధికారచిహ్నం.

శాసనంలోని ఈ బిరుదును బాపిరాజు వేషంగా మార్చినాడు. నవలకు ప్రాణవాయువైన ఉత్కంఠ ఆ మార్పు నుండే పుట్టింది. కాని దానికి చెల్లించిన మూల్యమూ ఉన్నది. స్త్రీ అని తెలిసియుండియు సామంతులు ఆమెను రాజుగా ఎట్లు అంగీకరించారు, కాయస్థ అంబదేవుని వంటివారు ఎందుకు ఎదిరించారు అన్న ప్రశ్నలు వెనుకకు జరిగి, రహస్యం నిలుస్తుందా, బయటపడుతుందా అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. ఒక రాజకీయ సమస్య కథాసమస్యగా రూపాంతరం చెందింది.

పురుషవేషపు ఊహ నవలతో ఆగలేదు. 2015లో గుణశేఖర్ దర్శకత్వంలో వచ్చిన ‘రుద్రమదేవి’ చలనచిత్రంలోను అది కథకు కేంద్రమైంది. కల్పన ఇట్లు మళ్లీ మళ్లీ చెప్పబడినప్పుడు చరిత్రగా స్థిరపడే ప్రమాదం ఉంటుంది. అందువల్ల నవలను తప్పుపట్టవలసిన పని లేదు. నవలాకారునికి ఆ స్వేచ్ఛ ఉన్నది. తెలుగు పరిశోధకుడు చేయవలసినది ఆ వేషాన్ని ఆస్వాదిస్తూనే, దాని వెనుకనున్న బిరుదును శాసనాలలో చదవడం. ముసుగు తొలగిన క్షణంలో నవల పతాకస్థాయికి చేరుతుంది. ముసుగే లేకుండ రాజ్యమేలిన స్త్రీ చరిత్ర అంతకన్న ఆశ్చర్యకరమైనది.